అంతర్జాతీయ పాఠశాలలో తొలి కొలువు

మా కేంద్రానికి వచ్చే ఉత్తరాలలో పాటలు కోరేవి ఎక్కువ, సలహాలు కోరేవి తక్కువ. కొంతకాలం క్రిందట ఉప్పాడనుండి వచ్చిన ఒక ఉత్తరం ఈ రెండవ తెగకు చెందినది. వ్రాసిన పెద్దమనిషి జాందానీ చీరల నేతపని చేసుకొనే గృహస్థు. ఆయన కుమార్తె గణితశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదివి, ఆపైన బి.ఎడ్. కూడా పూర్తిచేసినది. సముద్రాని కావలనున్న ఒక దేశంలో ‘అంతర్జాతీయ పాఠశాల’లో ఉపాధ్యాయురాలి ఉద్యోగం ఇప్పిస్తాననీ, అందుకు రెండు లక్షల రూపాయలు ముందుగా చెల్లించవలెననీ ఒక మధ్యవర్తి ఆయనకు చెప్పినాడట. ఇంట ఉన్న ఆస్తి రెండు మగ్గాలు, నేసి దాచిన కొన్ని చీరలు. ‘మా ఊరిలో కడలి కోసుకొనిపోతున్న ఇంటిస్థలాన్ని ఎవరూ తాకట్టు పట్టుకోరు. ఒక మగ్గమూ చీరలూ అమ్మి, తక్కినది వడ్డీకి తేవచ్చునా?’ అన్నది ఆయన ప్రశ్న.

ఆయన ఒక్కరికే జవాబు వ్రాసి ఊరుకొనడం భావ్యం కాదనిపించినది. ఏలననగా ఈ ప్రశ్న ఈనాడు చాలా ఇళ్ళలో ఉన్నది. బి.ఎడ్. చదువు 2015నుండి రెండేండ్లదయినది. ఆ రెండేండ్లూ చదివి, డి.యస్సీ. ప్రకటనకోసం ఎదురుచూస్తూ కూర్చున్న యువతీయువకులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐ.బి. అనే అంతర్జాతీయ విద్యాసంస్థతో ఒడంబడిక చేసుకొన్నప్పుడు, అంతవరకు పట్నాలకే పరిమితమైన ఆ పేరు పల్లెలలో సైతం వినవచ్చినది. అదే సంవత్సరం ప్రభుత్వం మారిన పిమ్మట ఆ యోచన ముందుకు సాగలేదు గాని, పేరు మాత్రం జనం నోట నిలిచినది. తెలిసీ తెలియని పేరు చుట్టూనే మధ్యవర్తులు చేరడం లోకసహజం. కావున అంతర్జాతీయ పాఠశాల అనగానేమి, అందులో తొలి ఉద్యోగం ఎట్లా దొరుకుతుంది, దొరకదగిన చోటేది, దొరకని చోటేది అన్న సంగతులను ఈ ప్రసంగంలో మాకు తెలిసినంతవరకు వివరిస్తాము.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ జినీవా నగరంలో కార్యాలయాలు నెలకొల్పినవి. అక్కడికి వచ్చిన ఉద్యోగుల బిడ్డలు ఏ దేశపు చదువు చదవవలె? ఈ చిక్కు తీర్చుకొనడానికి 1924లో జినీవాలో ఒక అంతర్జాతీయ పాఠశాల ఆరంభమయినది. దేశంనుండి దేశానికి మారే పిల్లలకు ఏ విశ్వవిద్యాలయంలోనైనా ప్రవేశం దొరకవలెనంటే అందరూ ఒప్పుకొనే పరీక్ష ఒకటి కావలెను గదా! ఆ అవసరంలోనుండి 1968లో జినీవాలోనే ఐ.బి. సంస్థ పుట్టినది. ఇంగ్లాండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1858లోనే పాఠశాల విద్యార్థులకు పరీక్షలు నడపడం మొదలుపెట్టినది. ఆ విశ్వవిద్యాలయం ఇతరదేశాల పిల్లలకోసం రూపొందించిన ఐ.జి.సి.ఎస్.ఇ. అనే పరీక్ష 1988లో అమలులోకి వచ్చినది. ఈనాడు మన దేశంలో అంతర్జాతీయ పాఠశాల అంటే సాధారణంగా ఈ రెండు పాఠ్యక్రమాలలో ఏదో ఒకదానిని బోధించేదని అర్థం.

దక్షిణాదికి ఈ చదువు కొత్తది కాదు. అమెరికా మిషనరీలు తమ పిల్లలకోసం 1901లో కొడైకెనాల్ కొండమీద నెలకొల్పిన పాఠశాల 1976లో ఐ.బి. పాఠ్యక్రమాన్ని చేపట్టినది. భారతదేశంలో అట్లా చేసిన మొదటి పాఠశాల అదే. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడినప్పుడు, అక్కడికి వచ్చిన విదేశీ శాస్త్రజ్ఞుల పిల్లల నిమిత్తం హైదరాబాదులోనూ ఒక అంతర్జాతీయ పాఠశాల వెలసినది. నాటి పాఠశాలలు పరదేశీయుల బిడ్డలకోసం పుట్టినవి. నేడు మన నగరాలలోని ఇటువంటి పాఠశాలల్లో చదివేవారిలో అధికసంఖ్యాకులు మన పిల్లలే.

ఇక్కడ మొదటి హెచ్చరిక. గుమ్మంమీద ‘ఇంటర్నేషనల్’ అని వ్రాసుకొన్న ప్రతి బడీ అంతర్జాతీయ పాఠశాల కాదు. ఆ మాటను పేరులో చేర్చుకొని, లోపల రాష్ట్రప్రభుత్వ సిలబస్సునో కేంద్ర బోర్డు సిలబస్సునో చెప్పే బడులు ఎన్నో ఉన్నవి. అవి చెడ్డవని మేము అనడం లేదు. అయితే అక్కడ చేరి అంతర్జాతీయ అనుభవం సంపాదించినామని అనుకొంటే ప్రయోజనం లేదు. ఐ.బి. సంస్థగాని కేంబ్రిడ్జి సంస్థగాని తాము గుర్తించిన పాఠశాలల పట్టికను తమ వెబ్‌సైటులో అందరికీ కనిపించేటట్లు ఉంచుతున్నవి. దరఖాస్తు పెట్టడానికి ముందు ఆ పట్టికలో పాఠశాల పేరు ఉన్నదో లేదో చూచుకొనవలె. చేతిలో ఫోను ఉన్నవారికి ఇది పది నిమిషాల పని, ఖర్చు లేని పని.

రెండవ సంగతి. ఐ.బి. సంస్థ ఉపాధ్యాయులను నియమించదు, కేంబ్రిడ్జి సంస్థా నియమించదు. నియామకం పూర్తిగా ఆయా పాఠశాల యాజమాన్యానిదే. ‘ఐ.బి. కోటాలో ఉద్యోగం’ అని ఎవరైనా అంటే ఆ మాట బూటకమని అక్కడికక్కడే తెలుసుకొనవచ్చును. పాఠశాలలు సాధారణంగా అడిగేవి మూడు: బోధించే విషయంలో పట్టం, బి.ఎడ్. లేదా దానికి సమానమైన ఉపాధ్యాయ శిక్షణ, కొంత అనుభవం. ఆ పాఠ్యక్రమంలో ప్రత్యేక శిక్షణ ముందుగానే ఉండవలెనని అనేక పాఠశాలలు పట్టుబట్టవు. ఐ.బి. పాఠశాలలు తాము చేర్చుకొన్న ఉపాధ్యాయులను శిక్షణ శిబిరాలకు పంపుతవి. కనుక తొలి ఉద్యోగానికి ముందే అప్పుచేసి ఖరీదైన సర్టిఫికేట్లు కొనుక్కొనడం అవసరమని మాకు తోచదు.

చిక్కంతా మూడవదానితోనే. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. విదేశాలలోని మంచి పాఠశాలలు తరచుగా రెండేండ్ల పూర్తి అనుభవాన్ని కోరుతవి. కొన్ని దేశాలలో ఉపాధ్యాయుని అనుమతిపత్రానికి ప్రభుత్వమే అనుభవాన్ని అడుగుతుంది. ఏ అనుభవమూ లేని అభ్యర్థికి ఎంచి ఎంచి సముద్రాని కావల ఉద్యోగం ఇప్పిస్తామనే మాట ఈ కారణంచేతనే అనుమానించదగినది. తొలి మెట్టు దాదాపు ఎప్పుడూ స్వదేశంలోనే ఉంటుంది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వంటి నగరాలలోని పాఠశాలలు పూర్తి ఉపాధ్యాయులతోపాటు సహాయోపాధ్యాయులనూ, వెనుకబడిన పిల్లలకు తోడుగా కూర్చుండి చెప్పేవారినీ, ఒక ఉపాధ్యాయిని ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు ఆమె స్థానంలో పనిచేసేవారినీ తీసుకొంటవి. జీతం తక్కువ. కాని అక్కడ ఒక సంవత్సరం నిలిస్తే అనుభవమనే ఆ తలుపు తెరచుకొంటుంది. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యపీఠం అధిష్ఠించినాడని మనమంతా చెప్పుకొంటాము. ఆయన 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సహాయోపన్యాసకుడుగా బోధన ఆరంభించినాడని చెప్పుకొనేవారు తక్కువ.

వేళ తెలిసి అడగడమూ ముఖ్యమే. ఆగస్టులో తెరిచే పాఠశాలలు అంతకు ముందటి నవంబరు, డిసెంబరు నెలలలోనే ఖాళీలు లెక్కవేసుకొని, వేసవిలోగా నియామకాలు ముగించుకొంటవి. పరీక్షా ఫలితాలు వచ్చిన తరువాత జూన్‌లో బయలుదేరే అభ్యర్థికి మిగిలేవి ఆఖరిక్షణంలో ఖాళీ అయిన చోట్లు మాత్రమే.

దరఖాస్తులో రెండు పుటలకు మించని జీవిత వివరమూ, ఈ పాఠశాలలోనే ఎందుకు చేరదలచినారో తెలిపే ఒక పుట ఉత్తరమూ చాలును. ఆ ఉత్తరంలో ‘నేను పిల్లలంటే ప్రాణం’ వంటి మాటలకన్నా, ‘శిక్షణకాలంలో ఏడవ తరగతివారికి భిన్నాలు చెప్పినాను, సగంమందికి అర్థంకాలేదు, మరునాడు ఈ విధంగా మార్చి చెప్పినాను’ అన్న ఒక్క నిజమైన సంగతి విలువైనది. మన పనిని ఎరిగిన ఇద్దరి పేర్లు ఇవ్వవలె. పాఠశాలవారు వారితో స్వయంగా మాట్లాడుతారు. ఏ సంవత్సరం ఏమి చేసినారో ఖాళీ లేకుండా అడుగుతారు. పోలీసువారి ధ్రువపత్రం కోరుతారు. ఇది అవమానమని తలచకూడదు. పసిపిల్లలను అప్పగించే చోట కొత్తవారినిగురించి విచారించడం ధర్మం. విచారించకుండా చేర్చుకొనే పాఠశాలనే శంకించవలె.

ఇక అసలైన పరీక్ష మాదిరి పాఠం. ఇరువదినుండి నలభై నిమిషాలపాటు అభ్యర్థి నిజమైన తరగతిలో గాని, వీడియో ముఖాముఖిలో గాని ఒక పాఠం చెప్పవలె. ఇక్కడ మనవారు ఎక్కువమంది వెనుదిరుగుతున్నారు. ఇంగ్లీషు ఉచ్చారణ దొరలవలె లేకపోవడమే కారణమని తమకు తాము చెప్పుకొంటున్నారు. మేము వాక్కుతోనే జీవించేవారము కనుక ధైర్యంగా చెప్పగలము: వినేవానికి కావలసినది యాస కాదు, స్పష్టత. పాఠం వినడానికి వచ్చిన పెద్దలు ఉపాధ్యాయుడు ఎంత బాగా మాట్లాడినాడన్నది అంతగా చూడరు. ఆ అరగంటలో పిల్లవాడు ఏమి ఆలోచించినాడన్నది చూస్తారు. ఈ భేదం మాటలలో చెబితే తేలికగా ఉంటుంది గాని, చేతలో పట్టుబడదు. మాకైనా ఉప్పాడ వెళ్ళిన తరువాతనే ఇది బాగా బోధపడినది.

జాందానీ నేతమీద ఒక కార్యక్రమం ధ్వనిముద్రణకు మేము ఆ ఊరు వెళ్ళవలసి వచ్చినది. కాకినాడనుండి కడలి ఒడ్డున సాగే బాట అది. తుపానులలో అలలు ఎన్నోసార్లు ఆ బాటను కోసివేసినవి. ఉప్పాడ 2022 ఏప్రిల్‌నుండి కాకినాడ జిల్లాలో ఉన్నది. అంతకు ముందు తూర్పుగోదావరి జిల్లాలోనిది. అక్కడి జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఉత్తరం వ్రాసిన గృహస్థు ఇంటికి వెళ్ళి, ధ్వనిముద్రణ ముగించుకొన్న పిమ్మట, ఆ అమ్మాయిని ఒక మాదిరి పాఠం చెప్పమన్నాము. ఇరుగుపొరుగు పిల్లలు ఆరుగురు చాపమీద కూర్చున్నారు. మా ధ్వనిముద్రణ యంత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నది.

తండ్రి నేసే చీరనుండే ఆమె లెక్క తీసుకొన్నది. లెక్క సులువుగా ఉండడానికి గుడ్డ వెడల్పులో పడుగు పోగులు 2000 అనుకొన్నది. ఒక్కొక్క బుట్టాకు 40 పోగులు, రెండు బుట్టాల నడుమ ఖాళీ 60 పోగులు. ఎన్ని బుట్టాలు పడుతవి? ఆమె బల్లమీద చకచక వ్రాసినది. నలభై, అరవై కలిసి నూరు. రెండువేలను నూరుచేత భాగిస్తే ఇరువది. పిల్లలు ‘ఇరవై’ అని ఒక్కగొంతుతో పలికినారు. పాఠం ఇరువది నిమిషాలు సాగినది. ముద్రణ వినిపించి నిమిషాలు లెక్కించినాము. ఆమె మాట్లాడినవి పదిహేడు, పిల్లలందరూ కలిసి మాట్లాడినవి మూడు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయినది. పాఠంలో తప్పేమీ లేదు. అయితే పిల్లలు ఆలోచించవలసిన అవసరమూ ఎక్కడా కలుగలేదు.

కొంతసేపు ఊరకుండి, ఆమె గళ్ళ కాగితాలు తెచ్చి అతికించి, పది పోగులకు ఒక గడి చొప్పున రెండువందల గళ్ళ పట్టీ తయారుచేసినది. బుట్టాకు నాలుగు గళ్ళు, ఖాళీకి ఆరు గళ్ళు. ఈసారి ఎన్ని బుట్టాలని అడుగలేదు. ‘చీర కట్టుకొన్నవారికి రెండు అంచులవైపులా ఒకేరకంగా కనిపించవలె. మొదటి బుట్టా ఎక్కడ మొదలుపెడతారు?’ అని మాత్రం అడిగి, తాను మౌనంగా కూర్చున్నది. పిల్లలు ఎడమ అంచునుండే బుట్టాలు గీసుకొంటూ పోయినారు. ఇరువదవ బుట్టా పూర్తయ్యేసరికి కుడివైపు ఆరు గళ్ళు మిగిలినవి. ‘ఇటువైపు బుట్టా అంచుకు తగిలిపోయిందండి, అటువైపు ఖాళీ ఉండిపోయింది’ అన్నదొక పిల్ల. తుడిచినారు, వాదులాడుకొన్నారు. ఒకడు పట్టీని మధ్యకు మడిచినాడు. ఇరువది బుట్టాల నడుమ ఖాళీలు పందొమ్మిదే గదా, బుట్టాలకు 800 పోగులు, ఖాళీలకు 1140, మొత్తం 1940, మిగిలినవి 60. ఇటు మూడు గళ్ళు, అటు మూడు గళ్ళు. ఇది ఆమె చెప్పలేదు, పిల్లలే చెప్పినారు.

అంతవరకు మగ్గంమీద తలవంచుకొని ఉన్న తండ్రి అప్పుడు తల ఎత్తి, ‘అంచుకి ముప్పై పోగులొదలాలండి. మేం మధ్యపోగు పట్టుకుని రెండువైపులా లెక్కెడతాం’ అన్నాడు. కాగితమూ కలమూ లేకుండా ఆయన చేసే లెక్క అదే. కూతురు తండ్రివంక చూచినది. ‘నాన్నా, ఇది నువ్వు నాకెప్పుడూ చెప్పలేదే!’ అన్నది. ‘నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా’ అన్నాడాయన.

అంతర్జాతీయ పాఠశాలలు కోరే బోధన ఇదే. అక్కడి పరిభాషలో దీనికి పెద్ద పెద్ద పేర్లు ఉండవచ్చును. ప్రశ్న పిల్లవాని ముందుంచి, తప్పు చేయనిచ్చి, ఆ తప్పులోనుండి దారి వెదకనివ్వడమే దాని సారం. అందుకు కావలసిన సామగ్రి ఖండాంతరాలనుండి తేనక్కరలేదు. ఉప్పాడవంటి ఊరిలో గణితానికి మగ్గమున్నది, భూగోళశాస్త్రానికి కోతపడే కడలి ఒడ్డున్నది. అలలను ఆపడానికి వేసిన ఇసుకగొట్టాల గోడ ఎందుకు దెబ్బతిన్నదన్న ఒక్క ప్రశ్న నెలరోజుల పాఠం కాగలదు. అభ్యర్థి తన ఊరిని విడిచివచ్చినట్లు కాక, వెంట తెచ్చుకొన్నట్లు తరగతిలో నిలువగలిగితే, ఆ పాఠం వేరొకరు అప్పు తెచ్చుకొనలేనిది.

ఇక మధ్యవర్తి సంగతి. మంచి పాఠశాల ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థివద్ద సొమ్ము తీసుకొనదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి వలసల చట్టం క్రింద కేంద్రప్రభుత్వంవద్ద అనుమతి పొంది ఉండవలె. అట్టివారు సైతం అభ్యర్థినుండి సేవారుసుముగా 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి. తప్ప అంతకు మించి తీసుకొనరాదు. తీసుకొన్నదానికి రసీదు ఇవ్వవలె. ఏజెంటుకు అనుమతి ఉన్నదో లేదో కేంద్రప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చును. హైదరాబాదులోని వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకొనవచ్చును. రెండు లక్షలు ముందుగా అడిగినవాడు ఆ మాటతోనే తన గుణం తెలుపుకొన్నాడు. ‘ముందు విజిటర్ వీసామీద వెళ్ళండి, అక్కడ మారుస్తాము’ అనే మాట అంతకంటె ప్రమాదకరం. ఆ వీసామీద పనిచేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. జీతం ఎగవేసినా నోరెత్తే వీలుండదు.

నిజమైన ఉద్యోగమే దొరికినప్పుడు ఒప్పందపత్రాన్ని సంతకానికి ముందు ఇంట కూర్చుండి చదువుకొనవలె. నెలజీతం ఎంత, వసతి ఎవరిది, రాకపోకల టిక్కెట్టు ఎవరిది, వైద్యబీమా ఉన్నదా, పరీక్షాకాలం ఎన్ని నెలలు, మధ్యలో మానుకొంటే ఏమి చెల్లించవలె అన్న ఆరు ప్రశ్నలకు అందులో జవాబు ఉండవలె. పట్టాలమీద ధ్రువీకరణ ముద్ర కావలసి వస్తుంది. 2005 జూలైనుండి మన దేశం హేగ్ ఒప్పందంలో చేరి ఉన్నందున, ఆ ఒప్పందంలోని దేశాలకు విదేశాంగశాఖవారి అపోస్టిల్ ముద్ర చాలును. తక్కిన దేశాలకు ఆయా రాయబార కార్యాలయాల ముద్ర కావలె. వీటికోసం అసలు పట్టాలను ఎవరి చేతనైనా పెట్టవలసివస్తే రసీదు లేకుండా పెట్టరాదు.

ఉప్పాడ గృహస్థుకు మేము ఇచ్చిన జవాబు ఇంతే: మగ్గం అమ్మవద్దు, మధ్యవర్తికి పైసా ఇవ్వవద్దు, అమ్మాయిచేత నవంబరులో హైదరాబాదు పాఠశాలలకు దరఖాస్తులు పెట్టించండి. ఆమెను రెండు పాఠశాలలు పిలిచి కాదన్నవి. మూడవది, కేంబ్రిడ్జి పాఠ్యక్రమం బోధించేది, ఒక సంవత్సరానికి సహాయోపాధ్యాయురాలిగా తీసుకొన్నది. జీతం పెద్దది కాదు, హాస్టలు ఖర్చు పోను ఇంటికి పంపగలిగేది స్వల్పమే. మాదిరి పాఠానికి ఆమె వెంట తీసుకొనిపోయినవి గళ్ళ కాగితాలూ, తండ్రి నేసిన జాందానీ చీరలోనుండి మిగిలిన జానెడు ముక్కా.

మొన్న ఆయనవద్దనుండి మరొక ఉత్తరం వచ్చినది. ఈసారి సలహా కోరలేదు. రెండు మగ్గాలూ ఆడుతున్నవనీ, సెలవులకు ఇంటికి వచ్చిన కూతురు మగ్గంవద్ద కూర్చుండి తనను ప్రశ్నలమీద ప్రశ్నలు అడుగుతున్నదనీ, పని సాగనివ్వడం లేదనీ వ్రాసినాడు.